ఉప్పు వేసిన జున్ను

2019 జనవరి 9, బుధవారం

1964 ఫిబ్రవరిలో సాయిమి నాకొక మాట ఇచ్చింది. నిలబెట్టుకోలేదు.

అప్పుడామె పట్నం ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు నర్సు. నా కంటే నాలుగేళ్ళు పెద్ద. నా తోడబుట్టినదని చెప్పుకోవడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ఇక్కడ కూడా పేరే రాస్తాను. నా భార్య హెల్వికి తొలికాన్పు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డల్ని తల్లుల పక్కన ఉంచేవారు కాదు. అందరినీ ఒక గదిలో వరసగా పడుకోబెట్టి, నాలుగు గంటలకోసారి బండిలో పేర్చి తల్లుల దగ్గరికి తోసుకెళ్ళేవారు. మధ్యలో ఎవడైనా ఏడిస్తే నోట్లో సీసా. సీసాలో ఆవుపాలు, నీళ్ళు, పంచదార.

వరండాలో సాయిమిని ఆపి అడిగాను. "మావాడికి సీసా పెట్టొద్దు. ఏడిస్తే హెల్వి దగ్గరికే తీసుకెళ్ళు." "సరేలేరా, నేనున్నాగా" అంది.

మూడో రోజు వెళ్ళేసరికి మా ఇల్పో ఆమె చేతుల్లోనే సీసా తాగుతున్నాడు.

పసిపిల్లల పాలకూ చక్కెర జబ్బుకూ సంబంధం ఉండొచ్చని అప్పుడు నాకు తెలియదు, డాక్టర్లకూ తెలియదు. నాకు తెలిసింది దూడల సంగతి. ఊరూరా తిరిగి ఒక్కో ఆవు పాలు తూచి, వెన్న ఎంతో చూసి రాసే ఉద్యోగం నాది. పుట్టిన పూటే తల్లి ముర్రుపాలు తాగని దూడ నిలవదని మా దగ్గర పాలేరు కుర్రాడికి కూడా తెలుసు. దూడకు చేసే న్యాయం నా కొడుక్కి చెయ్యమన్నాను. అంతే కదా అడిగింది.

ఇల్పోకు ఏడో ఏట షుగరు వచ్చింది. ముప్పయ్యో ఏట నిద్రలోనే పోయాడు. 1994 నవంబరులో, అంత్యక్రియలైన రోజున, సాయిమి మొహం మీద తలుపు వేశాను. దాని గురించి ఇక రాయను.

ఇవాళ ఇదంతా ఎందుకంటే, ఇల్పో కూతురు మింతు తన చంటివాణ్ణి తీసుకుని నా ఇంటికి వచ్చింది. వాళ్ళింట్లో నీళ్ళ గొట్టం గడ్డకట్టి పగిలిందట. మొగుడు కాపో ఉత్తరాన అడవిలో చెట్లు నరికే యంత్రం నడుపుతాడు, ఈ శనివారం కాదు, పై శనివారం గాని రాడు. పిల్లాడికి పన్నెండు రోజులు. పేరు బాప్తిస్మం దాకా చెప్పరు, అది మా ఆచారం. అడిగితే మింతు నవ్వుతుంది. ఇల్పో పేరు పెడతారేమో అనుకుంటున్నాను. పెట్టాలనో వద్దనో తెలియదు.

జనవరి 10

చలి సున్నాకు ఇరవై ఎనిమిది కింద. పిల్లాడు ఏడ్చాడు. మంచి గొంతు.

జనవరి 12

ఇప్పుడు పుట్టగానే బొడ్డుతాడు రక్తం తీసి చూస్తున్నారు. మా వంశంలో ఉన్న షుగరు జన్యువే వీడి రక్తంలోనూ ఉందని నిన్న ఫోను చేసి చెప్పారు. ఉన్నంత మాత్రాన జబ్బు రాదట, వచ్చే అవకాశం మిగతా పిల్లలకంటే ఎక్కువట. మూడు నెలలకోసారి రక్తం చూస్తూ ఉంటారట. చూసి ఏం చేస్తారని అడగమన్నాను. "చూస్తారు తాతా, అంతే" అంది మింతు.

పిల్లాణ్ణి భుజాన వేసుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తరవాత అంది:

"వీడికి డబ్బా పాలు చుక్క కూడా పట్టను. నాన్నకి జరిగింది వీడికి జరగనివ్వను."

"పట్టొద్దు" అన్నాను.

"చిన్నప్పుడు నువ్వు చెప్పేవాడివి గుర్తుందా? సీసా కథ."

గుర్తు లేకేం. తండ్రి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. నాన్న ఎందుకు పోయాడని అడిగేది. పాస్టరు ఏదో చెప్పాడు, అది నమ్మలేదు. నేను చెప్పింది నమ్మింది. పదేళ్ళప్పుడూ అడిగింది, పదిహేనేళ్ళప్పుడూ అడిగింది. కథ మారలేదు. ఒక మనిషి ఇన్నేళ్ళపాటు ఒకే సంగతి చెబుతున్నాడంటే అది నిజమై ఉండాలి కదా.

జనవరి 15

పక్క పొలం వాళ్ళ ఆవు ఈనింది. క్యానులో జున్నుపాలు తెచ్చి గడపలో పెట్టి వెళ్ళారు. మనిషి లోపలికి రాడు, నేను పోయిన ఏడు వాళ్ళ కుక్కను ఏదో అన్నానట.

పొయ్యిలో పెట్టి జున్ను చేశాను. హెల్వి చేసినట్టే, ఉప్పు వేసి. ఊళ్ళో అందరూ పంచదార వేస్తారు, పైన అడవి పళ్ళ పాకం పోస్తారు. ఇల్పోకు జబ్బు వచ్చిన ఏడు హెల్వి పంచదార డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. వాడొక్కడూ ఉప్పుది తింటూ కూర్చుంటే బాగుండదని అందరికీ ఉప్పుదే. వాడు పోయాక కూడా డబ్బా దింపలేదు. ఆమె పోయాక నేనూ దింపలేదు.

మింతు రెండు ముక్కలు తింది. "బాలింతకి మంచిదే కదా తాతా?" అంది. మంచిదే.

ఈ దేశంలో తాగినన్ని పాలు ఇంకెక్కడా తాగరు. పిల్లలకు ఈ జబ్బు వచ్చినంతగా ఇంకెక్కడా రాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పేపరుకు ఎన్ని ఉత్తరాలు రాశానో! పాడి సంఘం అధ్యక్షుడు సభల్లో పాలంటే తెల్ల బంగారం, తెల్ల బంగారం అని అరుస్తుంటే వెనక వరసలోంచి లేచి అడిగాను కూడా. "ఓయివా గారికి కాఫీ ఇప్పించండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన పోయాడు. నేను ఉన్నాను.

పేపర్లను నమ్మడం కూడా తగ్గించాను. పోయిన శీతాకాలం ఏదో పెద్ద పరిశోధన ఫలితమని వేశారు. ఆవిరి స్నానాల సౌనాలో పొయ్యి వెలిగించడానికి పనికొచ్చింది.

జనవరి 17

మందుల షాపులో పిల్లల్ని తూచే మిషను అద్దెకిస్తారు. తెచ్చాను. పాలు తాగే ముందు ఒకసారి తూచాలి, తాగాక బట్ట మార్చకుండా ఇంకోసారి. తేడా ఎంతో అంత తాగినట్టు. పాలు తూచడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తేడా తక్కువ వచ్చింది. మిషను సరైనది కాదు.

జనవరి 18

మార్పించాను. కొత్తదీ సరైనది కాదు.

జనవరి 19, శనివారం

కాపో వచ్చాడు. ఒంటినిండా డీజిలు వాసన. చేతులు కడుక్కుని పిల్లాణ్ణి ఎత్తుకోగానే మొహం మారింది.

"తాతగారూ, వీడు తేలికైపోయాడేంటి?"

"నువ్వు వారమంతా మానులు మోసి వచ్చావు. నీకన్నీ తేలికే" అన్నాను.

"మానులు యంత్రం మోస్తుందండీ. నేను కుర్చీలో కూర్చుంటాను." నవ్వలేదు. "మింతూ, ఒక్క సీసా పట్టి చూద్దామా? ఒక్కటే. నీకూ కాస్త నిద్ర..."

"తరవాత రోజుకి నాలుగు సూదులు నువ్వు పొడుస్తావా వాడికి?"

"నేనేమన్నానని..."

"ఏమీ అనకు. పాలు పడతాయి. నర్సు చెప్పింది, తాగిస్తూ ఉంటే పడతాయని. తాతా, చెప్పు."

"పడతాయి" అన్నాను.

కాపో నా వంక చూశాడు. తరవాత సౌనా వేడి చేస్తానని వెళ్ళిపోయాడు. ఇద్దరం చెక్కబల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. రాళ్ళ మీద నీళ్ళు పోసింది కూడా తనే.  బయటికొచ్చాక మంచులో నిలబడి, "తాతగారూ, నాకు చదువు లేదు. కానీ బరువు తెలుసు" అన్నాడు.

మంచివాడే. తొందర ఎక్కువ.

జనవరి 21, సోమవారం

తల్లీబిడ్డల కేంద్రం. నర్సు తూచింది. మళ్ళీ తూచింది. వాళ్ళ మిషనూ నా రెండు మిషన్లూ ఒకే మాట చెబుతున్నాయి.

"అమ్మాయ్, నీ పాలు ఆపమనడం లేదు" అంది నర్సు. చిన్న పిల్ల, మింతు ఈడుదే. "ముందు నీ పాలే పట్టు. దాని పైన కొంచెం డబ్బా పాలు. పుట్టినప్పటి బరువుకు ఈపాటికి రావాలి, ఇంకా కిందే ఉన్నాడు. రెండు రోజులు చూసి, అప్పటికీ పెరగకపోతే ఆసుపత్రిలో పెట్టుకుంటాం."

"మా ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలుసు కదా."

"తెలుసు. అయితే ఆ పరిశోధనల్లో..."

"పరిశోధనలు మా తాత చదువుతాడు. అన్నీ చదువుతాడు. ఆయన్నడగండి."

నర్సు నావైపు తిరిగింది. మింతు కూడా. పిల్లాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఆలోచిద్దాం" అన్నాను.

కారులో తిరుగుదారి. మంచు ఊడ్చే బండి వెనకాల చాలాదూరం మెల్లగా వచ్చాం.

జనవరి 22, పొద్దున

పిల్లాడు ఏడవడం మానేశాడు.

మింతు సంతోషించింది. "కుదురుకున్నాడు తాతా" అంది. ఆకలిగొన్న దూడ ముందు అరుస్తుంది. తరవాత అరవదు. ఆ తరవాతి సంగతి నాకు తెలుసు, ఎన్నో కొట్టాల్లో చూశాను.

డబ్బా పాలు పట్టమని నేను చెప్పగలను. కానీ ఎందుకు పట్టవచ్చో కూడా చెప్పాలి కదా. అది ఊరికే వినే పిల్ల కాదు, నేను పెంచిన పిల్ల.

సాయిమికి ఫోను చేశాను. నంబరు మారి ఉంటుందనుకున్నాను. మారలేదు.

"బిడ్డ తాగడం లేదు" అన్నాను.

"ఎవరి బిడ్డ?"

"మింతు కొడుకు."

కుర్చీ జరిపిన చప్పుడు. తరవాత కాగితాల చప్పుడు. "ఇక్కణ్ణుంచి మీవైపు పొద్దుటి బస్సు ఉంది. మధ్యాహ్నానికి వస్తా. ఈలోగా వాణ్ణి నిద్రపోనివ్వొద్దు, లేపి రొమ్ము దగ్గర పట్టమను. లేపినా లేవకపోతే నాకోసం చూడకు, వెంటనే ఆసుపత్రికి."

ఇరవై నాలుగేళ్ళ తరవాత అంతే మాట్లాడింది.

జనవరి 22, సాయంత్రం

వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. వాకిట్లో మంచు ఊడ్చడం మరిచిపోయాను. చేతికర్రతో పొడుచుకుంటూ వచ్చింది. కోటు విప్పకుండానే:

"ఒరే, సబ్బెక్కడ?"

చేతులు కడుక్కుని, వేళ్ళు పొయ్యి దగ్గర వేడి చేసుకుని, పిల్లాణ్ణి విప్పింది. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలి చూసింది. నోట్లో వేలు పెట్టి చూసింది. వాడు ఆ వేలిని చప్పరించాడు. అది చూసి ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"నిన్నటినుంచీ ఎన్నిసార్లు తడిపాడమ్మా?"

"ఒకసారి. రెండుసార్లేమో" అంది మింతు.

"సరే. ముందు నీ దగ్గర పట్టు. తరవాత సీసా. సీసా కూడా తాగకపోతే వీడు కారు తీస్తాడు."

వీడంటే నేను. ఎనభై ఏళ్ళవాణ్ణి.

సంచిలోంచి డబ్బా తీసింది, సీసా తీసింది. నీళ్ళు మరగబెట్టింది. మింతు పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది.

"వద్దు మామ్మా. ఆ సీసా వద్దు. నాన్నకి నువ్వే కదా పట్టింది?"

"అవునమ్మా. నేనే."

"మాటిచ్చి మరీ."

"మాటిచ్చి మరీ." సాయిమి సీసా ఊపడం ఆపలేదు. "మీ నానమ్మకి జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. పిల్లాణ్ణి దగ్గరికి చేర్చొద్దన్నాడు పెద్ద డాక్టరు. గది నిండా పిల్లలు, నర్సులం మేమిద్దరమే. మీ నాన్న ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. నన్నేం చెయ్యమంటావు? మీ తాతకిచ్చిన మాట సీసాలో పోసి తాగించనా?"

హెల్వికి జ్వరం వచ్చిన మాట నిజమే. మొదట రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అని.

"తాతా, నువ్వు చెప్పు. పట్టనా?"

ఇద్దరూ నా వంక చూస్తున్నారు. పిల్లాడొక్కడే చూడటం లేదు.

ఇల్పో ఎందుకు పోయాడు అన్నదానికి నా దగ్గర ఒక జవాబు ఉంది. గోడకు వీపు ఆనించినట్టు ఇన్నేళ్ళూ దాన్ని ఆనుకునే నిలబడ్డాను. అది ఉంది కాబట్టే పొద్దున లేచి కాఫీ పెట్టుకోగలిగాను.

"పట్టు" అన్నాను.

"మరి నాన్నకి?"

"పాల వల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేకపోయారు. తేల్చాలని చూశారు. మీ నాన్నలాంటి వాళ్ళ పిల్లల్ని, దేశదేశాల్లో, ఏళ్ళ తరబడి చూశారు. కొందరికి మామూలు డబ్బా పాలు, కొందరికి అందులోని మాంసకృత్తులు ముక్కలు చేసిన పాలు. ఎవరికి ఏది ఇస్తున్నారో తల్లులకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. చివరికి లెక్క చూస్తే రెండు వైపులా జబ్బు ఒకేలా వచ్చింది. తేడా లేదు."

"నీకెలా తెలుసు?"

"చదివాను."

"ఎప్పుడు?"

సాయిమి సీసాలో పాలు మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంటోంది.

"పోయిన శీతాకాలం."

"ఏడాది నుంచి తెలుసా తాతా? నాకు కడుపు రాకముందు నుంచి?"

"ఆకలి వల్ల బిడ్డకి ఏమవుతుందో మాత్రం ఎప్పుడో తేలింది. పట్టు" అన్నాను.

పొయ్యిలో కట్టెలు అయిపోవచ్చాయి. తేవడానికి వెళ్ళాను.

కొట్టంలో కొంచెం ఎక్కువసేపే పట్టింది. కట్టెలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టాయి. తిరిగి వచ్చి గడపలో బూట్లు విప్పుతుంటే గుటకల చప్పుడు వినిపించింది. మనిషి బిడ్డ అంత చప్పుడుతో తాగుతాడని మరిచిపోయాను. లోపలికి వెళ్ళలేదు. మోపు చేతుల్లో పెట్టుకుని అక్కడే నిలబడి విన్నాను.

జనవరి 23

పొద్దున మింతు నాతో మాట్లాడలేదు. సాయిమి మాట్లాడింది, అదే ఎక్కువైంది.

ఒక సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టాలి. ఆ పరిశోధన రెండు రకాల డబ్బా పాలూ ఒకటేనని చెప్పింది. ఆవుపాలు నిర్దోషి అని చెప్పలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. చదివినవాడికి తెలుస్తుంది. కాబట్టి నేను దాచింది కూడా ఏమీ లేదు. చదివినవన్నీ చదివినట్టు వినిపిస్తూ కూర్చోవడానికి నేనేమైనా రేడియోనా?

ఇదే మాట కాఫీ దగ్గర సాయిమితో అన్నాను.

"ఒరే ఓయివా, తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లలకి రావడం లేదా ఈ జబ్బు?"

"కొందరికి వస్తోంది."

"డబ్బా పాలే తాగి పెరిగి, ఏ జబ్బూ లేనివాళ్ళు లేరా?"

"ఉన్నారు. అయితే?"

"అయితే ఏమీ లేదు. ఎందుకొస్తుందో నీకు తెలియదు, నాకు తెలియదు, వాళ్ళకీ ఇంకా తెలియదు. నీకు కారణం అక్కర్లేదురా. ముద్దాయి కావాలి." కాఫీలో రొట్టె ముంచుకుంది. "దగ్గర్లో నేను దొరికాను."

వార్డులో నోరు కట్టుకుని పనిచేసిన మనిషి. ఉద్యోగం దిగాక దాని వడ్డీ వసూలు చేసుకుంటోంది.

జనవరి 24

మధ్యాహ్నం పిల్లాడు ఏడ్చాడు. పెద్ద గొంతు. ముగ్గురం ఒకేసారి లేచాం.

జనవరి 27, ఆదివారం

బరువు పెరిగాడు. మొన్న కేంద్రంలో మిషనూ నా మిషనూ ఒప్పుకున్నాయి. కాపో పిల్లాణ్ణి ఎత్తుకుని, రెండు చేతుల్లో అటూ ఇటూ మార్చి చూసి, "ఇప్పుడు సరిగా ఉంది" అన్నాడు, ఏదో దుంగ గురించి చెప్పినట్టు.

మింతు నిద్రపోతోంది. నిద్రపోతుంటే పాలు కూడా పడుతున్నాయి. ఇప్పుడు రెండూ పడుతోంది, తనవీ డబ్బావీ. నాతో ఇంకా అవసరమైన మాటలే. ఉప్పు అందించు. తలుపు వెయ్యి. తాతా అనడం లేదు.

నేను దాని మేలే కోరాను.

నేను దాని మేలే కోరాను. రెండోసారి రాస్తే మొదటిసారి కంటే తక్కువగా ఉంది.

జనవరి 30

పక్క పొలంలో ఇంకో ఆవు ఈనింది. ఈసారి క్యాను సాయిమి చేతికిచ్చి, లోపలికొచ్చి కాఫీ కూడా తాగి వెళ్ళాడాయన. కుక్క ఊసు ఎత్తలేదు.

జున్ను తనే చేస్తానంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చుని చూశాను. పంచదార ఎక్కడుందని అడుగుతుంది, అటక మీదని చెప్పాల్సి వస్తుంది, ఎందుకని అడుగుతుంది. ఆ మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె పంచదార అడగలేదు. ఉప్పు డబ్బా తీసింది.

"ఉప్పెందుకు?" అన్నాను.

"ఏం, మీరు మార్చేశారా?"

"నీకెలా తెలుసు మేం ఉప్పు వేస్తామని?"

"పిల్లాడికి జబ్బని తెలిసిన ఏడు హెల్వి చెప్పింది. వాడు నా ఇంటికొస్తే కూడా ఇదే తినాలి కదా అని నేనూ ఉప్పే మొదలుపెట్టా." పాలు గిన్నెలో పోసి పొయ్యిలోకి తోసింది. "తరవాత వాడు రాలేదు, మీరు రాలేదు. నాకు మాత్రం అదే అలవాటైపోయింది."

ఒంటరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరికోసం చేస్తుంది జున్ను అంత ఊళ్ళో, ఒక్కతీ, ఉప్పు వేసుకుని.

పైన గోధుమరంగు తేలేదాకా ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం.  నాకు పేపరు అక్షరాలు సరిగా కనపడలేదు. కళ్ళద్దాలు మార్పించాలి.

ఫిబ్రవరి 3, ఆదివారం

సాయిమి బస్సెక్కింది. మింతు గడపదాకా వచ్చి, "మామ్మా, బాప్తిస్మంలో వీణ్ణి ఎత్తుకుని, జ్ఞానతల్లిగా ఉంటావా?" అని అడిగింది.

"ఎనభై నాలుగేళ్ళదాన్ని. వాడికి ఊహ తెలిసేసరికి నేనుండను."

"ఉన్నన్నాళ్ళే."

"పేరు చెప్తే ఉంటా."

"చెప్పను."

నవ్వుకున్నారు. ఆమె వెళ్ళాక మింతు పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తూచు తాతా" అంది.

మిషను పొద్దున్నే తిరిగి ఇచ్చేశామని దానికీ తెలుసు, నాకూ తెలుసు. చేతుల్లోనే తూచాను.

ఫిబ్రవరి 11

గొట్టం బాగైంది. వాళ్ళింటికి వెళ్ళారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. రేడియో పెట్టాను, అందులో అందరూ తెలివితక్కువవాళ్ళే.

మార్చి 2, శనివారం

బాప్తిస్మం. పాస్టరు కొత్తవాడు, నీళ్ళు వెచ్చగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకున్నాడు, ఆ మేరకు పాతవాడి కంటే నయం. సాయిమి ఎత్తుకుంది. కర్ర పక్కన పెట్టి, ఏ ఆసరా లేకుండా నిలబడింది. చేతులు కదల్లేదు. కొన్ని వేలమంది పిల్లల్ని ఎత్తిన చేతులు.

"బిడ్డ పేరు?" అన్నాడు పాస్టరు.

"ఓత్సో" అంది మింతు.

ఎలుగుబంటికి పాత పేరు అది. అడవి మనిషి కాపో ఎంచుకున్నాడని తెలుస్తూనే ఉంది. మింతు నా మొహం చూస్తోంది, ఇల్పో అని పెట్టనందుకు నొచ్చుకున్నానేమోనని. నొచ్చుకోలేదు. ఒకే పేరుకు రెండుసార్లు భయపడే ఓపిక నాకు లేదు.

ఈ నెలాఖరుకు రక్తం తీస్తారు. ఆ తరవాత మళ్ళీ తీస్తారు. ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. ఏం తాగినందుకు ఏం వచ్చిందో వాడికి నేనేమీ చెప్పను. అడిగితే తెలియదంటాను. కష్టమైన మాటే. అలవాటు చేసుకుంటున్నాను.

మార్చి 3

నిన్న సాయిమిని బస్టాపుకు దింపడానికి వెళ్ళినప్పుడు జరిగింది ఇది. బస్సు ఆలస్యం. కారులో హీటరు వేసుకుని కూర్చున్నాం. ఎదురుగా చూస్తూ అడిగాను.

"ఆ రోజు మెట్ల మీద ఎంతసేపు నిలబడ్డావు?"

ఏ రోజని అడగలేదు. "బస్సు వచ్చేదాకా."

"చలిలో?"

"నవంబరు కదా. మరీ చలి కాదు."

"తలుపు తట్టలేదేం?"

"నువ్వు వేసిన తలుపు తట్టితే తీస్తావా? చిన్నప్పటినుంచీ నిన్ను ఎరగనా?"

ఎరగదు. ఆ రోజు తలుపుకు ఇవతల, గడియ మీద చెయ్యి పెట్టుకుని నేనూ నిలబడే ఉన్నాను. ఆమె దగ్గు వినపడుతూనే ఉంది. ఒక్కసారి తట్టి ఉంటే చాలు. వేలితో తట్టినా చాలు. తీసేవాణ్ణి. హెల్వి వంటింట్లోంచి చూస్తూనే ఉంది. బస్సు ఆగిన చప్పుడు, వెళ్ళిన చప్పుడు విన్నాక గడియ మీంచి చెయ్యి తీశాను.

అది ఆమెతో చెప్పలేదు. బస్సు వచ్చింది. "వచ్చే నెల మళ్ళీ వస్తా, వాకిలి ఊడ్చి పెట్టు" అంది.

పాల సంగతి వదిలేశాను. పెద్ద డాక్టరు సంగతి వదిలేశాను, ఆయనా పోయాడు. పాడి సంఘాన్నీ, పేపర్లనూ, హెల్వి జ్వరాన్నీ వదిలేశాను. జబ్బుకు ముద్దాయి లేడంటే అలాగే కానిమ్మన్నాను. కానీ ఇరవై నాలుగేళ్ళు పోయాయి, అవి వాటంతట అవి పోలేదు. ఆరోజు తలుపు తట్టకుండా వెళ్ళిపోయిన మనిషిని మాత్రం వదిలిపెట్టను. తప్పు ఆమెదే. మా అక్క సాయిమిదే.